మాస్టారి రెండో ప్రశ్న

మాస్టారు పోయారని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు నేను స్టాఫ్ రూంలో కూర్చుని ఎనిమిదో తరగతి పిల్లల కాంపోజిషన్లు దిద్దుతున్నాను. ఫోన్ చేసింది ఆయన మేనల్లుడు. మైలవరంలో ఉంటాడు, నెమ్మదస్తుడు, ఫోన్లో కూడా చేతులు కట్టుకుని నిలబడ్డట్టే మాట్లాడతాడు. "మావయ్య పోయారండీ. తెల్లారి పాలవాడు వచ్చే వేళకి. ముందు మీకే చేస్తున్నాను," అన్నాడు. వస్తున్నానన్నాను. చేతిలో ఎర్ర పెన్నుకి మూత పెట్టడం కూడా చేతకాలేదు కాసేపు.

సెలవు అడగడానికి హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళాను. మా స్కూల్లో టీచర్లు ఇంగ్లీషులోనే మాట్లాడాలని రూలు. నోరు తెరిచాను గానీ వాక్యం రాలేదు. తెలుగులో అయితే 'పోయారు' అంటే చాలు, ఒక్క మాటలో అంతా ఇమిడిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ఇది ఇంకా మన కళ్ళముందున్న సంగతా, జరిగిపోయి వెనక్కి వెళ్ళిన సంగతా అన్నది ముందు తేల్చుకోవాలి. 'హాజ్ డైడ్' అనాలా, 'డైడ్' అనాలా? ఆ తేడా నాకు నేర్పిన మనిషే లేకుండా పోయారు. "మా మాస్టారు పోయారండీ," అని తెలుగులోనే అనేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ రూలు సంగతి ఎత్తలేదు, పాపం. "వెళ్ళిరామ్మా," అంది.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయన పత్రికలో పేరు పడ్డ మనిషి కాదు, సన్మానాలూ శాలువాలూ ఎరగరు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఆ తర్వాత ఇంట్లో ట్యూషన్లు చెప్పుకున్నారు. అలాంటివాళ్ళు బెజవాడలో వీధికొకరు ఉండేవాళ్ళు అంటారు మీరు. ఉండేవాళ్ళేమో. నాకు దొరికింది ఈయన.

వన్ టౌన్లో హోల్‌సేల్ బట్టల కొట్ల సందులో, ఒక గోడౌను మీద ఆయన వాటా. కింద ఎప్పుడూ బేళ్ళు దింపుతూ ఉండేవాళ్ళు. తోపుడు బళ్ళవాళ్ళు "సైడు, సైడు" అంటూ వస్తుంటే గోడకి అంటుకుపోయి, సందు దొరగ్గానే మెట్లెక్కేసేవాళ్ళం. ఆ మెట్లు ఎంత ఇరుకంటే, పైనుంచి ఎవరైనా దిగుతున్నారంటే కిందివాళ్ళు వెనక్కి దిగాల్సిందే. పైకి వెళ్తే పొడుగాటి గది. గోడ మీదే నల్లరంగు పూసి బోర్డు చేశారు. మాస్టారు పాఠం చెప్తూ ఎప్పుడూ కూర్చోలేదు. బోర్డు పక్కన గోడకి ఆనుకుని నిలబడేవారు, ఆ ఆనిన చోట సున్నం పోయి ఆయన వీపంత మచ్చ పడింది. సుద్దముక్కకి కాగితం చుట్టి పట్టుకునేవారు. తెల్లటి చేతులంటే గిట్టదు ఆయనకి, "సున్నం కొట్టే పనా మనది," అనేవారు.

మా నాన్న నేతగాడు. దివిసీమ వైపు మా ఊళ్ళో మగ్గం మూలపడ్డాక వన్ టౌన్ వచ్చి ఒక బట్టల కొట్లో చేరాడు, చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతలు పెట్టే పనికి. పదో తరగతిలో నాకు ఇంగ్లీషు గట్టెక్కేలా లేదని నాన్నే తీసుకెళ్ళి మాస్టారికి అప్పజెప్పాడు. ఇది తొంభైల్లో మాట.

మొదటిరోజు గుమ్మం దాటుతుండగానే మాస్టారు అడిగిన మాట, "హావ్ యు ఈటెన్?" నాకర్థం కాక నాన్న మొహం చూశాను. ఆ వాటాలోకి అడుగుపెట్టిన ప్రతి పిల్లనీ పిల్లాడినీ ఆయన అడిగే మాట అదే. దానికి "ఎస్ సర్, ఐ హావ్ ఈటెన్" అని చెప్పి లోపలికి రావాలి. వెంటనే రెండో ప్రశ్న. "వాట్ డిడ్ యు ఈట్?" దానికి "ఐ ఏట్" అని మొదలెట్టి ఏం తిన్నామో చెప్పాలి. మేం మాత్రం "ఐ హావ్ ఈటెన్ చారన్నం" అని అదే పట్టుకు వేలాడేవాళ్ళం. "తిన్నాను" అన్న ఒక్క మాటతో పుట్టినప్పట్నుంచీ రెండు పనులూ చేసుకున్నవాళ్ళం మరి. ఇక్కడ రెండు మాటలెందుకో బుర్రకెక్కేది కాదు.

ఆయన కోప్పడేవారు కాదు. "మొదటి ప్రశ్న నీ కడుపు గురించే అమ్మాయ్. ఇప్పుడు, ఇక్కడ నిలబడ్డ కడుపు. నిండిందా లేదా. అది హావ్. రెండో ప్రశ్న ఎత్తేసిన విస్తరి గురించి. తినడం అయిపోయింది, అందులో ఏముండేదో చెప్తున్నావు. అది డిడ్," అనేవారు. ఇంకో మాట కూడా. "వాక్యంలోకి నిన్న గానీ మొన్న గానీ వచ్చి కూర్చుందంటే, హావ్ బంతిలోంచి లేచిపోవాలి. ఇద్దరికీ ఒక విస్తరి చాలదు." నేనిప్పుడు నా పిల్లలకి ఇవే మాటలు చెప్తున్నాను. అరువు తెచ్చుకున్నానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

సాయంత్రం క్లాసులో కరెంటు పోవడం మామూలే. పోగానే చీకట్లో ఆయన గొంతు వినబడేది. "ఏమైంది?" మేమంతా కలిసి, "ద కరెంట్ హాజ్ గాన్ సర్." అమ్మగారు లోపల్నుంచి లాంతరు తెచ్చేది. అమ్మగారంటే మాస్టారి భార్య, మేమలాగే పిలిచేవాళ్ళం. కరెంటు వచ్చాక మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి "ఇట్ వెంట్, సర్, ఇట్ హాజ్ కమ్ బ్యాక్" అనాలి. ఒకసారి ఒకమ్మాయి చెప్పు తెగి, దాన్ని చేత్తో పట్టుకుని కుంటుతూ వచ్చింది. దాని బాధ దానిది. మాస్టారు, "ఆగమ్మా, ఇప్పుడు తెగి ఉందా, నిన్న తెగితే కుట్టించుకున్నావా, అది చెప్పి లోపలికి రా," అన్నారు. అది ఏడుపు మొహంతోనే సరిగ్గా చెప్పింది. పాఠం అయ్యేసరికి అమ్మగారు ఆ చెప్పుకి పిన్నీసు పెట్టి ఉంచింది.

మా వైపు పద్ధతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని "భోంచేశారా" అని అడక్కపోతే తప్పు. అడిగితే "లేదండీ" అనడం అంతకంటే తప్పు. లేదన్నామంటే పెట్టమని చెయ్యి చాచినట్టే. అంచేత కడుపు నకనకలాడుతున్నా "అయిందండీ" అనేస్తాం. దాన్ని అబద్ధమని కూడా అనుకోం, మర్యాద అనుకుంటాం. ఇంగ్లీషు నేర్చుకున్నాక దాన్ని ఆ భాషలోకి కూడా మోసుకెళ్ళాం. మాస్టారికి ఇది తెలియక కాదు. ఆయన రెండో ప్రశ్న అందుకే పుట్టిందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఆ ఏడాది వేసవికి ముందు నాన్న పనిచేసే కొట్టు మూతపడింది. ఓనర్లు అన్నదమ్ములు, పంపకాల దగ్గర పేచీ వచ్చి తాళం వేసుకున్నారు. అదే రోజుల్లో అమ్మమ్మ మంచాన పడితే అమ్మ ఊరు వెళ్ళింది. నాన్న పొద్దున్నే పని వెతుక్కుంటూ వెళ్ళిపోయేవాడు. ఇంట్లో పొయ్యి వెలగని రోజులు వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు నేను. ఎందుకు చెప్తాను, చచ్చినా చెప్పను.

ఓ సాయంత్రం గుమ్మంలో మాస్టారు అడిగారు. "ఎస్ సర్, ఐ హావ్ ఈటెన్," అన్నాను.

"వాట్ డిడ్ యు ఈట్?"

"ఐ ఏట్ బెండకాయ వేపుడు సర్."

"హూ కుక్‌డ్ ఇట్?"

"మై మదర్ కుక్‌డ్ ఇట్ సర్. షి కుక్‌డ్ ఇట్ ఇన్ ద మార్నింగ్."

ఎక్కడా తడబడలేదు. ఆ వారం పొయ్యి వెలిగించని ఇంట్లో నేను వండించని కూర లేదు. కందిపచ్చడి, గోంగూర, మజ్జిగపులుసు, అన్నీ ఇంగ్లీషులో తిన్నాను. మాస్టారు నన్ను ఓ క్షణం చూశారు. మా అమ్మ ఊళ్ళో లేదని నాన్న ఆయనతో అంతకుముందే అన్నాడట. ఆ సంగతి అప్పటికి నాకు తెలీదు. "వాక్యాలన్నీ కరెక్టు," అన్నారు మెల్లిగా. "వెళ్ళి కూర్చో."

మర్నాటి నుంచి పాఠం పద్ధతి మారిపోయింది. "మీరంతా ఎప్పుడో మధ్యాహ్నం తిన్నది చెప్తున్నారు. అది బట్టీ వాక్యం. హావ్ నాలిక్కి పట్టాలంటే తిన్న నోటితోనే చెప్పాలి," అన్నారు. అమ్మగారు పెద్ద పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. ఆ రోజు అటుకుల పులిహోర. తర్వాత ఓ రోజు ఉప్పుడు పిండి, ఓ రోజు దిబ్బరొట్టె ముక్కలు. అందరం తినాలి, మూతి తుడుచుకోకుండానే లేచి వాక్యం చెప్పాలి. కలిగినవాళ్ళ పిల్లలు కూడా ఉండేవాళ్ళు మాలో, వాళ్ళూ తిన్నారు. ఇదేదో కొత్త టీచింగ్ మెథడ్ అనుకున్నాం అందరం. ఓ పిల్లాడి తండ్రి వచ్చి, "ఏంటి మాస్టారూ, ట్యూషన్లో టిఫిన్లు పెడుతున్నారంట," అని నవ్వాడు. మాస్టారు ఏమాత్రం నవ్వకుండా, "ప్రాక్టికల్సండీ. సైన్సుకి లేవూ?" అన్నారు.

నాకు మాత్రం అమ్మగారు వడ్డించేటప్పుడు చెయ్యి కాస్త జారేది. అది నాకప్పుడే తెలిసింది. తలెత్తకుండా తినేదాన్ని. నాన్నకి వేరే కొట్లో పని దొరికి, అమ్మ తిరిగొచ్చి, మా ఇంట్లో మళ్ళీ తిరగమోత వాసన వచ్చేదాకా ఆ ప్రాక్టికల్స్ సాగాయి. పరీక్షలు దగ్గరపడ్డాక ఓ రోజు పళ్ళెం రాలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. నేను పాసయ్యాను. ఆ తర్వాత చదువు ఎటు వెళ్ళినా ఇంగ్లీషు మాత్రం వదల్లేదు, చివరికి అదే అన్నం పెట్టింది.

రెండు వేల సంవత్సరం దాటాక బెజవాడ మారిపోయింది. బెంజి సర్కిల్ వైపు ఏసీ గదుల్లో స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లు వచ్చాయి. మాస్టారి మెట్లెక్కే పిల్లలు తగ్గిపోయారు. అంతలో అమ్మగారు పోయింది. వాళ్ళకి పిల్లల్లేరు. మైలవరం మేనల్లుడు వచ్చి తీసుకెళ్తానన్నా ఆయన కదల్లేదు. "బోర్డు గోడకుంది కదరా, ఎలా తేను?" అన్నారట.

నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. నన్ను కట్టుకున్నాయనది వన్ టౌనే, నడిచి వెళ్ళేంత దూరం. వెళ్ళగానే ఆయన అడగడం, నేను జవాబు చెప్పడం మామూలే. అమ్మగారు పోయాక ఓసారి నేనే ఎదురడిగాను. "హావ్ యు ఈటెన్ సర్?"

"ఐ హావ్," అన్నారు, ఠీవిగా.

"వాట్ డిడ్ యు ఈట్?"

"ఐ ఏట్ గుత్తివంకాయ కూర. ఐ ఏట్ ఇట్ విత్ హాట్ రైస్ అండ్ నెయ్యి."

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి చూశాను. స్టవ్ మీద దుమ్ము. గట్టు మీద రస్కుల పొట్లం, సగం తాగిన టీ గ్లాసు. బయటికొచ్చి, "వాక్యాలన్నీ కరెక్టేనండీ," అన్నాను. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

ఆయన ఏ శిష్యుడి ఇంట్లోనూ మెతుకు ముట్టలేదు ఎప్పుడూ. కాఫీ కూడా తాగరు. అదేదో కులం పట్టింపనుకునేరు, కాదు. ఆయన దగ్గరికి వచ్చిన పిల్లల ఇళ్ళు ఎలాంటివో ఆయనకి తెలుసు. "నాకు వడ్డించారంటే ఆ ఇంట్లో ఆ పూట ఎవరో ఒకరు తగ్గించుకోవాలమ్మా," అన్నారోసారి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ తగ్గించుకోనక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పానో. కేరియర్ తీసుకెళ్తే, "అయిందమ్మాయ్, ఇప్పుడే," అనేవారు. పెట్టి వస్తే, వారం తర్వాత కడిగి బోర్లించిన కేరియర్ తిరిగి ఇచ్చేవారు. కింద బేళ్ళు దింపే కూలీలకి పెట్టేశారని వాళ్ళే చెప్పేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. చొక్కా భుజాల మీంచి జారుతోంది, నడుస్తుంటే గోడ పట్టుకుంటున్నారు, అయినా అదే అబద్ధం. మనిషి నా కళ్ళముందే తరిగిపోతున్నాడు. బతికుండగా ఈయన నా చేతి ముద్ద ఒక్కటైనా తింటారా అన్నదే ఆ ఏళ్ళన్నీ నాకు దిగులు.

చివరికి ఆయన పాఠాన్నే ఆయన మీద ప్రయోగించాను. మా స్కూల్లో వెనకబడ్డ పిల్లల్ని కొంతమందిని వెంటబెట్టుకుని, గిన్నెడు పులిహోర కలుపుకుని వెళ్ళాను. "వీళ్ళకి హావ్ ఎక్కడం లేదండీ. మీ ప్రాక్టికల్స్ కావాలి. మీరూ తిని చూపించాలి," అన్నాను. ఆయన పిల్లల్ని చూసి లేచి నిలబడ్డారు. గోడకి ఆనుకున్నారు. గొంతు మళ్ళీ పాత గొంతయింది. పిల్లలందరికీ తన చేత్తో వడ్డించి, తినిపించి, ఒక్కొక్కళ్ళ చేతా వాక్యం చెప్పించారు. గిన్నె ఖాళీ అయింది. ఆయన మాత్రం వేలు కూడా ముంచలేదు. మేం వెళ్ళేటప్పుడు గుమ్మంలో, "పాఠం నాదే, నాకే చెప్తావుటే?" అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని చూసి చాలా రోజులైంది. నేను మెట్లు దిగుతూ ఏడ్చాను. తర్వాత కూడా పిల్లల్ని తీసుకెళ్తూనే ఉన్నాను, ఆయన తింటారని కాదు, అలా నిలబడతారని.

ఈ వేసవిలో అదీ ఆగిపోయింది. మంచం పట్టారు. డాక్టరు ఏదో పెద్ద జబ్బు పేరేమీ చెప్పలేదు. "వయసు, నీరసం, తిండి లేదు," అన్నాడు. మేనల్లుడు వచ్చి మకాం పెట్టాడు. అతను జావ పట్టుకొచ్చినా, "ఇందాకే తాగాన్రా," అనేవారట. మతి తప్పి అంటున్నారేమోనని అతను భయపడ్డాడు. "మతి బాగానే ఉంది, ఆయన అలవాటది," అని చెప్పాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. మేనల్లుడు మందుల షాపుకి బయల్దేరుతూ మెట్ల మీద ఎదురైతే, నేను వెనక్కి దిగి దారిచ్చాను. పైన మాస్టారు బోర్డు వైపు తిరిగి పడుకుని ఉన్నారు. బోర్డు మీద ఏమీ లేదు. అలికిడికి తల తిప్పి నన్ను చూశారు. ఎప్పటి ప్రశ్న వస్తుందని జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

"అమ్మాయ్," అన్నారు తెలుగులో. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఆకలేస్తోంది. కాస్త పెట్టవే."

వంటింట్లోకి పరిగెత్తినట్టే వెళ్ళాను. మేనల్లుడు వండిన అన్నం గిన్నెలో ఉంది, పెరుగుంది. అన్నం మెత్తగా పిసికి, పెరుగు పోసి, ఉప్పు వేసి, మళ్ళీ పిసికాను. ఆయన మనసు మారిపోతుందేమోనని భయం. పళ్ళెం పట్టుకుని వచ్చి, తల కింద ఇంకో దిండు పెట్టి, చిన్న ముద్ద చేసి నోటికి అందించాను. తిన్నారు. ఇంకోటి. నెమ్మదిగా, నమిలి నమిలి తిన్నారు. ఉప్పు ఎక్కువైందా అని అడిగితే, "సరిపోయింది," అన్నారు. మరికొన్ని ముద్దలయ్యాక చాలన్నట్టు కళ్ళు మూసుకుని, నా కుడిచేతి మణికట్టు పట్టుకున్నారు. ఎముకలే తప్ప ఆ పట్టులో బలం ఏమీ లేదు. అయినా విడిపించుకోలేదు నేను. అలాగే నిద్రపోయారు.

ఆదివారం కదా, కింద బళ్ళు లేవు, కొట్లకి తాళాలు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మేనల్లుడు మందుల పొట్లంతో తిరిగొచ్చి మా ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే ఆగాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి, "చెయ్యి కడుక్కోండి, ఎండిపోతోంది," అన్నాడు గుసగుసగా. వద్దని తల ఊపాను. పెరుగన్నం వేళ్ళ సందుల్లో తెల్లగా ఎండి బిగుసుకుంటోంది. నేను చెయ్యి కదపకుండా కూర్చున్నాను.